గుట్టు అమ్మిన దుకాణాలు

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుంది. పారాణి కలిపే ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే. అదే ఎరుపు ముగ్గు మధ్య, నిమ్మకాయల పక్కన కనిపిస్తే రక్తమంటారు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో బాణామతి, చేతబడి అనుమానాలకు మనుషులు బలయ్యారు. అందుకే సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదికవాళ్లు ఇలాంటివి ఊరి నడుమ చేసి చూపించి, అక్కడికక్కడే కిటుకు విప్పుతారు. మరో కిటుకు: పర్మాంగనేటు మీద గ్లిజరిన్ పోస్తే కాసేపటికి అగ్గిపుల్ల లేకుండానే మంట లేస్తుంది.

గుట్టు విప్పడం పాత పనే. మంత్రగత్తెలని ముద్ర వేసి మనుషులను ఉరితీస్తున్న ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ 1584లో ఒక పుస్తకం వేసి, అందులో గారడీవాళ్ల మాయలు ఎలా జరుగుతాయో రాశాడు. ఆయన రాసింది ప్రాణాలు కాపాడటానికి. 19వ శతాబ్దం నాటికి లండన్‌లో అదే పని వ్యాపారమైంది.

రీజెంట్ స్ట్రీట్‌లో డబ్ల్యూ. హెచ్. క్రీమర్ ఆటబొమ్మలతో పాటు ఇంద్రజాల సామాను అమ్మేవాడు. 1872లో ‘హాంకీ పాంకీ’ అనే కిటుకుల పుస్తకం కూడా తెచ్చాడు. దుకాణదారు పుస్తకం వేయడమేమిటి అనిపిస్తుంది. దొంగ అర ఉన్న పెట్టె కొన్నవాడికి దాన్ని ఆడించడం రాకపోతే రెండో పెట్టె కొనడు కదా. ప్రదర్శకుడికి దాచితే అన్నం, దుకాణానికి చెబితే బేరం.

నాలుగేళ్ల తర్వాత, 1876లో ‘మోడర్న్ మ్యాజిక్’ వచ్చింది. రాసినాయన ఏంజెలో లూయిస్ అనే బారిస్టరు. గారడీ చేస్తాడని తెలిస్తే కక్షిదారులు రారని భయపడి ‘ప్రొఫెసర్ హాఫ్‌మన్’ అని మారుపేరు పెట్టుకున్నాడు. మన వకీళ్లకూ అర్థమయ్యే భయమే. మంత్రదండం, బల్ల, దుస్తులు మొదలుకొని పేకముక్క అరచేతిలో దాచడం దాకా ఓపిగ్గా నేర్పాడు. ఏం చేయబోతున్నావో ముందే చెప్పకు, ఒకే మాయ ఒకే పూట రెండుసార్లు చేయకు అన్నవి ఆయన నియమాలు. ఇక తమ పని అయిపోయిందని వృత్తి గారడీవాళ్లు గగ్గోలు పెట్టారు. అలా జరగలేదు. చదివినవాడికి కిటుకు తెలుస్తుంది కానీ చేయి తిరగదు. చేయి తిప్పబోయి విఫలమైనవాడే మంచి ప్రేక్షకుడవుతాడని నా అనుమానం. లూయిస్ 1890లో ఇంకో సంపుటం రాశాడు, 1918లోనూ ఒకటి వేశాడు, మరుసటి ఏడాది కన్నుమూశాడు.

మన ఉత్తర తెలంగాణలో ఇలాంటి దుకాణం పుట్టకపోవడానికి కారణం ఉంది. ఇక్కడి సాధనాశూరులు నేతవృత్తి పద్మశాలీల ఆశ్రిత కులం. గారడీ, సాహస విన్యాసాలు వాళ్ల వృత్తి. పద్మశాలీల వాడల్లో ఆడటం, ప్రతిఫలం వాళ్ల దగ్గరే తీసుకోవడం ఆనవాయితీ. చూసేవాళ్లు తరతరాలుగా ఖాయమైనప్పుడు కిటుకు కుటుంబానికి పొలం లాంటిది. బయటివాడికి అమ్మాలన్న ఆలోచనే రాదు. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి పోతుంది, కాగితం ఎక్కదు.

చిక్కల్లా ఆ ఖాయం చెదిరినప్పుడు వచ్చింది. మగ్గాలు కరెంటువయ్యాయి, కరీంనగర్ నేతన్నలు ఎందరో భివండికి, షోలాపూర్‌కు వలసపోయారు. పోషించే వాడ పలచబడితే సాధనాశూరుల పిల్లలు ఆ విద్య నేర్చి ఎవరికి చూపాలి? లూయిస్ పుస్తకంలోని మాయలను ఇవాళ కూడా ఎవరైనా చదివి సాధన చేయవచ్చు. వీళ్లవి చేసే చేతితోనే పోతాయి.