జోషాందా ఉండగా పిల్లలకు ఫ్లూ సూది ఎందుకు?



ఏటా ఎండలు ముదిరే వేళకు ఈ శీర్షికకు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "హకీం సాబ్, పిల్లల డాక్టరు ఫ్లూ సూది వేయించమంటున్నారు. అది మంచిదేనా? అంత అవసరమైతే గవర్నమెంటు ఆసుపత్రిలో ఎందుకు వేయడం లేదు? మీ జోషాందా తాగిస్తే సరిపోదా?" అని తల్లులు అడుగుతుంటారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ఆరు నెలలు నిండి అయిదేళ్లు దాటని పిల్లలకు, ఇంకా పెద్దవాళ్లయినా సరే ఉబ్బసం, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, షుగరు వంటివి ఉన్న పిల్లలకు, చేతిలో డబ్బు ఉంటే వేయించండి. జోషాందా చేసే పని వేరు, సూది చేసే పని వేరు. యునానీ వైద్యుడై ఉండి ఇలా రాయడమేమిటని కొందరు నొచ్చుకోవచ్చు. కారణాలు చదివి మీరే తేల్చుకోండి.

జుకాం వేరు, ఫ్లూ వేరు

ముక్కు కారినా, గొంతు గరగరలాడినా ఇంట్లో మనం 'పడిశం పట్టింది' అంటాం. యునానీలో మాత్రం ముక్కు గుండా కారేదాన్ని జుకాం అని, గొంతులోకి, రొమ్ములోకి దిగేదాన్ని నజ్లా అని విడదీశారు. ఊరంతటినీ ఒకేసారి పట్టుకునే దానికి 'నజ్లా-ఎ-వబాయియా' అని ఇంకో పేరు. వబా అంటే మహమ్మారి. ఇన్‌ఫ్లుయెంజాను మేము పిలిచేది ఈ పేరుతోనే. మశూచి వేరు, తట్టు వేరు అని గ్రంథం రాసి చూపించిన అర్-రాజీ మా తబీబే. వెయ్యేళ్ల కిందటి మాట అది. ఒక జబ్బును ఇంకో జబ్బుగా పొరబడకూడదన్నది మేము మొదట నేర్చుకునే పాఠం.

మామూలు జలుబు మెల్లగా వస్తుంది, మెల్లగా పోతుంది. ఫ్లూ అలా కాదు. పొద్దున ఆడుకున్న పిల్ల సాయంత్రానికి కాలిపోతూ పడుకుంటుంది. 103 డిగ్రీల జ్వరం, ఒళ్లు నొప్పులు, పొడి దగ్గు, చిన్నపిల్లల్లో వాంతులు కూడా. ఎక్కువమంది వారం తిరిగేసరికి లేచి తిరుగుతారు, నిజమే. కొందరికి మాత్రం అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అవుతుంది. రెండేళ్ల లోపు పసివాళ్లకు ఈ గండం ఎక్కువ.

1918 నాటి ఫ్లూలో మన దేశంలో కోటి మందికి పైగా పోయారు. అది పాత కథ అనుకుంటే, 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు దేశంలో మొదటి రోగిని గుర్తించింది హైదరాబాదులో. మొదటి మరణం ఆ ఏడు ఆగస్టు 3న పుణెలో. పోయింది ముసలివాళ్లెవరూ కాదు, బడికి వెళ్లే పద్నాలుగేళ్ల అమ్మాయి. 2023 మార్చిలో హెచ్3ఎన్2 రకం కర్ణాటకలో హాసన్ జిల్లా పెద్దాయన్ని తీసుకుపోయింది. అదే నెలలో పుదుచ్చేరి ప్రభుత్వం యానాంతో సహా అన్నిచోట్లా ఎనిమిదో తరగతి వరకు బడులకు 16 నుంచి 26 దాకా సెలవులిచ్చింది. యానాం పాఠకులకు ఆ సెలవులు గుర్తుండే ఉంటాయి.

సూదిలో ఏముంది?

సూదిగా వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. ఎక్కువ రకాల్లో వైరస్‌ను కోడిగుడ్లలో పెంచి, చంపి, ముక్కలు చేసి, అందులోంచి కొంత భాగం తీసుకుంటారు. కాబట్టి 'సూది వల్లే ఫ్లూ వచ్చింది' అన్నది జరగని పని. ఆ వారంలోనే వేరే జలుబేదో తగిలి ఉంటుంది, లేదా టీకా పట్టకముందే ఫ్లూ సోకి ఉంటుంది. టీకా బలం రావడానికి రెండు వారాలు పడుతుంది. చెయ్యి నొప్పి, కాస్త వాపు, ఒకటి రెండు రోజుల వెచ్చదనం మామూలే.

అసలు ప్రమాదమే లేదా అంటే, మందు అన్నాక అలా చెప్పకూడదు. 2010లో ఆస్ట్రేలియాలో ఒక కంపెనీ ఫ్లూ టీకా వేశాక అయిదేళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో ఫిట్స్ ఎక్కువగా వచ్చాయి. ఆ ఏడు ఏప్రిల్‌లోనే చిన్నపిల్లలకు వేయడం ఆపేశారు, తర్వాత ఆ టీకాను ఆ వయసువారికి వాడలేదు. తేడా వస్తే పట్టుకునే కళ్లు ఉన్నాయనడానికే ఇది చెబుతున్నాను. నరాలు చచ్చుబడే గీలన్-బారీ జబ్బు పది లక్షల మందిలో ఒకరిద్దరికి రావచ్చంటారు. అదే జబ్బు ఫ్లూ సోకినవారికీ వస్తుంది. గుడ్డు పడని పిల్ల అయితే డాక్టరుకు ముందే చెప్పండి. అలాంటి పిల్లల్లో కూడా చాలామందికి వేయవచ్చు. సూది వేశాక ఒక అరగంట అక్కడే కూర్చుని రండి.

మన ఇళ్లలో ఇంకో సందేహం కూడా ఉంటుంది, బయటికి అడగరు. అందులో పంది కొవ్వు, జెలటిన్ ఉంటాయట కదా అని. ఈ మాట ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ బడిపిల్లల ముక్కులో కొట్టే టీకాలో పంది జెలటిన్ ఉంది. వద్దన్నవారికి అక్కడే జెలటిన్ లేని సూది ఇస్తున్నారు. సూదిగా వేసే ఫ్లూ టీకాల్లో సాధారణంగా జెలటిన్ ఉండదు. అనుమానముంటే పెట్టెలోని కాగితం అడిగి చూడండి. జెలటిన్ సంగతి మీద 1995లో కువైట్‌లో ఉలమా, వైద్యులు కలిసి కూర్చుని, రూపం మారిపోయిన జెలటిన్ వాడవచ్చని చెప్పారు. అంతకుమించి మీ ఆలిం గారిని అడగండి, ఫత్వా ఇవ్వడం హకీం పని కాదు. ఒక్కటి గుర్తు చేస్తాను. హజ్‌కు వెళ్లేవారు మెనింజైటిస్ సూది వేయించుకోనిదే విమానం ఎక్కరు. 65 దాటిన హాజీలకు మన హజ్ క్యాంపుల్లో ఈ ఫ్లూ సూదే వేస్తున్నారు. దాదీకి పనికొచ్చిన సూది మనవడికి హరాం ఎలా అవుతుంది?

ఎంత ఫలితం? ఎంత ఖర్చు?

ఇది తట్టు టీకా లాంటిది కాదు. ఫ్లూ వైరస్ ఏటా వేషం మారుస్తుంది, అందుకే టీకా కూడా ఏటా మారుతుంది. రకం కుదిరిన ఏడు నూటికి నలభై నుంచి అరవై వంతుల దాకా అడ్డుకుంటుంది. హర్యానాలో బల్లభ్‌గఢ్ పక్క పల్లెల్లో 2009 నుంచి మూడేళ్లు పిల్లలకు వేసి చూస్తే, మొదటి ఏడు ఫలితం పావు వంతే వచ్చింది, మూడో ఏడు దాదాపు ముప్పాతిక వంతు. సగం కాపుదలే కదా అని తీసిపారేయకండి. అమెరికాలో 2010 నుంచి 2014 వరకు ఫ్లూతో చనిపోయిన పిల్లల లెక్కలు తీస్తే, వేరే జబ్బేమీ లేని పిల్లల్లో టీకా మరణ భయాన్ని మూడింట రెండు వంతులు తగ్గించినట్టు తేలింది. జ్వరం వచ్చినా ప్రాణం మీదికి రాకపోవడం, తల్లికి కావలసింది అదే గదా!

ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా ఏటా వేయించమంటోంది. కానీ ఇది సర్కారు ఉచిత టీకాల పట్టికలో లేదు. బయట డోసు వేయి రూపాయలకు పైమాటే. తొమ్మిదేళ్ల లోపు పిల్లకు మొదటిసారి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. తర్వాత ఏడాదికి ఒకటి. ఇద్దరు పిల్లలున్న రోజుకూలీ ఇంట్లో ఇది చిన్న ఖర్చు కాదు. అప్పు చేసి వేయించమని నేను అనను. ముందు అంగన్‌వాడీలో, ఆసుపత్రిలో ఊరికే ఇచ్చేవి ఒక్కటీ తప్పకుండా వేయించండి. వాటిలో న్యుమోకాకల్ టీకా కూడా ఉంది. ఫ్లూ తర్వాత వచ్చే న్యుమోనియాలో చాలా భాగం ఆ క్రిమి పనే. బయట వేల రూపాయలు చేసే ఆ టీకాను 2021 నుంచి దేశమంతటా ఉచితంగా ఇస్తున్నారు. దాన్ని వదిలేసి ఫ్లూ సూది కొనడం తెలివైన బేరం కాదు. ఆ తర్వాత డబ్బు మిగిలితే, ఇంట్లో అందరికంటే చిన్నపిల్లకు, ఉబ్బసం ఉన్న పిల్లకు మొదటి వంతు. ఏ జబ్బూ లేని పదేళ్ల గట్టి పిల్లవాడికి ఈ ఏడు కుదరకపోతే దిగులు పడకండి.

ఆరు నెలలు నిండని పసికందుకు ఈ సూది వేయరు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి వేయించుకుంటే ఆ రక్షణ బిడ్డకూ అందుతుంది. మీ కోడలికో కూతురికో ఈ మాట చెప్పండి.

ఎప్పుడు వేయించాలి? మహారాష్ట్రలోనూ దేశంలో చాలా చోట్లా ఫ్లూ వానలతో పెరుగుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా జోరు. అందుకని ఏప్రిల్, మే నెలలు మంచివి. చెన్నై, వేలూరు వైపు అక్టోబరు, నవంబరు వానల్లో ఎక్కువ, అక్కడివారికి సెప్టెంబరు వచ్చేలోపు వేయించినా చాలు. కొత్తగా వచ్చిన ఏడాది సరుకేనా అని సీసా మీద తేదీ చూడమనండి.

ఇక మన జోషాందా సంగతి. ఉన్నాబ్, సపిస్తాన్ (ఎండిన నక్కెర కాయలు), బెహ్‌దానా, కాస్త బనఫ్షా వేసి కాచిన కషాయం గొంతు మంటకు, ఎండు దగ్గుకు హాయినిస్తుంది. ఏళ్ల తరబడి ఇస్తున్నాను, ఇకపైనా ఇస్తాను. పిల్లల మోతాదు మీ హకీమునే అడగండి. ఏడాది లోపు బిడ్డకు తేనె కలిపి మాత్రం పట్టకండి. ఫ్లూ జ్వరంలో పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి, అది కాలేయానికీ మెదడుకూ ముప్పు తేవచ్చు.

పిల్ల నిద్రపోతున్నప్పుడు గడియారం పెట్టి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డకు 50, ఆపైన అయిదేళ్ల దాకా 40 దాటితే, పక్కటెముకల కింద గుంట పడుతుంటే, పాలు నీళ్లు తాగకపోతే, పెదవులు నీలంగా మారితే, ఫిట్స్ వస్తే నా దవాఖానాకు రావద్దు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. జ్వరం మొదలైన 48 గంటల్లోపు పడితే అది బాగా పనిచేస్తుంది. 'రెండు రోజులు కషాయం తాగించి చూద్దాం' అనుకుంటే పోయేది ఆ గడువే.

సూది వేయించినవారు తేదీని, టీకా పేరును పిల్ల కార్డులో రాయించుకోండి. వచ్చే ఏడు డాక్టరు మారినా, ఊరు మారినా, ఒక డోసు చాలా, రెండు కావాలా అన్నది ఆ కార్డు చూసే చెబుతారు.