పరేలు మెట్ల కథ

ముంబయి మహానగరంలో మధ్య రైల్వేవారి పరేలు స్టేషను, పశ్చిమ రైల్వేవారి ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను పక్కపక్కనే వెలిశాయి. 1853 నుండి 1860 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న లార్డ్ ఎల్ఫిన్‌స్టన్ పేరిట రెండవది ప్రసిద్ధి చెందింది. ఒక పాదచారుల వంతెన, దాని ఇరుకు మెట్లు ఈ రెంటినీ కలిపేవి.

ఒకప్పుడు ఈ ప్రాంతం నూలు మిల్లులకు నిలయం. కొంకణ ప్రాంతీయులతోపాటు తెలంగాణ నుండి వలస వెళ్లిన పద్మశాలీలు కూడా అక్కడ పనిచేశారు. కార్మికులలో అనేకులు సమీపంలోని చాళ్లలో నివసించి, కాలినడకన పనికి పోయేవారు. 1982 జనవరిలో ఆరంభమైన సమ్మె అనంతరం మిల్లులు క్రమంగా మూతపడి, వాటి స్థలాలలో కార్యాలయ సౌధాలు లేచాయి. ఉద్యోగులు దూరపు శివార్ల నుండి రైళ్లలో రాసాగారు. జనసమ్మర్దం పెరిగింది, మెట్లు మాత్రం ఇరుకుగానే ఉండిపోయాయి. విశాలమైన వంతెన కావాలన్న విజ్ఞప్తులు ముందే వెలువడ్డాయి.

2017 సెప్టెంబరు 29, దసరా ముందునాటి ఉదయం. వానకు జనం మెట్లపైనే ఆగారు. రైళ్లు దిగినవారు వెనుకనుండి వచ్చి చేరుతూనే ఉన్నారు. హిందీలో ‘ఫూల్’ అంటే పువ్వు, ‘పుల్’ అంటే వంతెన. పువ్వులు పడ్డాయన్న కేక వంతెన పడిందన్నట్లు వినిపించిందని, ప్రాణాలతో బయటపడిన ఒకరు చెప్పినట్లు పత్రికలు రాశాయి. ఆ తొక్కిసలాటలో 23 మంది మరణించారు.

అనంతరం సైనిక ఇంజనీర్లు నిర్మించిన కొత్త వంతెన 2018 ఫిబ్రవరి 27న ప్రారంభమైంది. అదే సంవత్సరం జూలైలో స్టేషనుకు ‘ప్రభాదేవి’ అని పేరు మార్చారు.

మెట్లకు బలం ఒక్కటే చాలదు. రెండు రైళ్లు ఒకేసారి వచ్చినా, వాన కురిసినా, జనం ఆగకుండా సాగిపోయే వెడల్పు కూడా కావాలి. నగరం మారినప్పుడల్లా ఆ కొలతను తిరిగి చూడవలసి ఉంటుంది.