బస్తాన్నర బరువుతో అమెరికాకా!

పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉండి రావాలి. మధ్యలో వారం రోజులు ఓడ షికారు కూడా ఉందిట! టికెట్లూ వీసాలూ పిల్లలే చూసుకుంటారు. పెట్టె సర్దుకోవడం మాత్రం మన పని. అసలు చిక్కంతా అక్కడే!

హాలు మధ్యలో నాలుగు పెద్ద సూట్‌కేసులు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. సోఫా మీద చీరలు, మంచం మీద స్వెట్టర్లు, డైనింగ్ టేబుల్ నిండా పచ్చళ్ళ డబ్బాలు. ఇంటాయన బరువు చూసుకునే మిషను మీదికి ఒకసారి వట్టి చేతులతోనూ, మరోసారి పెట్టె ఎత్తుకునీ ఎక్కి తేడా లెక్క కడుతుంటారు. 'ఇరవై ఆరు కిలోలుందే' అని ఆయనంటే, 'ఆ దుప్పటి తీసెయ్యండి, లడ్డూల జోలికి మాత్రం వెళ్ళకండి' అని వంటింట్లోంచి ఆవిడ. ఫోన్లో అమ్మాయి 'అమ్మా, అన్నీ ఇక్కడ దొరుకుతాయే! నువ్వూ నాన్నా వస్తే చాలు' అని మొత్తుకుంటూనే ఉంటుంది. వింటేగా!

గుడివాడ కావచ్చు, బందరు కావచ్చు, అవనిగడ్డ కావచ్చు... పిల్లలు విదేశాల్లో ఉన్న ఏ ఇంట్లోనైనా ప్రయాణానికి వారం ముందు కనిపించే సందడే ఇది. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ ఆ ప్రేమకు బరువుంది. దాన్ని మోయాల్సింది అరవై దాటిన నడుములు!

లెక్క చూద్దాం

అమెరికా వెళ్ళే చాలా విమానాల్లో ఎకానమీ టికెట్టు మీద ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు తీసుకెళ్ళనిస్తారు. కొన్ని చవక టికెట్లకు ఒకటే. అందుకే టికెట్టు మీద ఏం రాసుందో ముందు చూసుకోవాలి. చేతిలో పట్టుకెళ్ళే సంచి మరో 7 కిలోలు. ఇద్దరికీ కలిపితే 92, 14... మొత్తం 106 కిలోలు. మన డెల్టా లెక్కలో ధాన్యం బస్తా 75 కిలోలు. అంటే దాదాపు బస్తాన్నర! 

పైగా ఆ బరువును ఒక్కసారి ఎత్తితే సరిపోదు. ఇంటి దగ్గర కారులోకి ఎక్కించాలి. బందరు నుంచో గుడివాడ నుంచో 300 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి శంషాబాద్‌లో దించాలి. అమెరికాలో విమానం మొదట ఎక్కడ దిగితే అక్కడే పెట్టెలన్నీ బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ వాళ్ళకు చూపించి, ముందుకు మరో విమానం ఉంటే మళ్ళీ అప్పగించాలి. చాలామందికి తెలియక అవస్థపడేది ఇక్కడే. పదహారు గంటలు కూర్చుని వాచిన కాళ్ళతో, తిరుగుతున్న బెల్టు మీంచి 23 కిలోల పెట్టెను లాగడం మాటలు కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది. గన్నవరంలో విమానమెక్కి హైదరాబాదులోనో ఢిల్లీలోనో మారదామనుకునేవాళ్ళు మొత్తం ప్రయాణానికి ఒకే టికెట్టు తీసుకోవాలి. విడిగా కొంటే దేశంలో తిరిగే విమానాల్లో సాధారణంగా 15 కిలోలే ఉచితం. మిగతాదానికి కిలోకింత అని కట్టాల్సిందే.

బందరుకు తెలిసిన కిటుకు

బందరు అంటేనే పర్షియన్ భాషలో రేవు. 1605లో డచ్చివాళ్ళు వచ్చారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడలో ఇంగ్లీషువాళ్ళు దిగారు. వాళ్ళు ఇక్కడి నుంచి ఎగబడి కొనుక్కెళ్ళింది ఏమిటి? అద్దకం బట్టలు! వాటిని తూర్పు దీవుల్లో ఇచ్చి సుగంధ ద్రవ్యాలు పుచ్చుకునేవారు. తేలిగ్గా మడతపడుతుంది, పాడవదు, అవతలి గట్టున విలువెక్కువ. బరువు తక్కువ, విలువ ఎక్కువ ఉన్నదే ఓడెక్కాలన్న సంగతి ఈ రేవుకు 400 ఏళ్ళ కిందటే తెలుసు.

దివిసీమకు తెలిసింది మరొకటుంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన అక్కడ వేల ప్రాణాలు తీసుకుపోయింది. తుపాను హెచ్చరిక వినగానే పునరావాస కేంద్రానికి బయల్దేరే కుటుంబం ఏం పట్టుకెళ్తుంది? పాస్‌పుస్తకం, కార్డులు, మందులు, టార్చిలైటు, ఇన్ని అటుకులు. ఒక్క సంచి. ఆ కష్టాన్నీ, పిల్లల దగ్గరికి వెళ్ళే సంబరాన్నీ ఒక గాటన కట్టలేం. కానీ 'ఇది లేకపోతే రోజు గడవదు' అనేవి ఎంత తక్కువో అలాంటప్పుడే తెలుస్తుంది.

పెట్టె సర్దేటప్పుడు ప్రతి వస్తువునూ పట్టుకుని రెండే ప్రశ్నలు వేసుకోండి. ఇది లేకపోతే ఒక్క రోజు కూడా గడవదా? అయితే చేతి సంచిలోకి. గడుస్తుంది కానీ అక్కడ దొరకదా? అయితే పెట్టెలోకి. రెండింటికీ 'కాదు' అని జవాబొస్తే... బీరువాలోకి!

ముందు చేతి సంచి

చాలామంది పెద్ద పెట్టెలన్నీ నింపాక మిగిలినవి చేతి సంచిలో కుక్కుతారు. అది తలకిందుల పద్ధతి. పెట్టె తప్పిపోయినా, రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా మనల్ని కాపాడేది చేతి సంచే. ముందు దాన్నే సర్దాలి.

అందులో పాస్‌పోర్టు, టికెట్టు, బీమా కాగితాలు, పిల్లల చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాసి ఉంచుకోవాలి. ఫోను ఛార్జింగు అయిపోతే అందులోని నంబర్లు అక్కరకు రావుగా! రెండో కళ్ళజోడు, ఒక జత బట్టలు, శాలువా. పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, పెద్ద పెట్టెలో పెట్టనివ్వరు. నూనె, క్రీము, టూత్‌పేస్టు లాంటివి 100 మిల్లీలీటర్లకు మించని డబ్బాల్లోనే చేతిలో తీసుకెళ్ళాలి. పచ్చడి జాడీ, నెయ్యి డబ్బా చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గరే ఆగిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం మందులు. బీపీ, షుగరు బిళ్ళలు డాక్టరు చీటీతో సహా చేతి సంచిలోనే. ఇన్సులిన్‌ను పెద్ద పెట్టెలో పెట్టకూడదు, సామాను అరలో చలికి గడ్డకడితే పనికిరాదు. సమయం మారుతుంది కాబట్టి ఏ పూట మందు ఎప్పుడు వేసుకోవాలో బయల్దేరే ముందే డాక్టరును అడగాలి. అమెరికాలో అక్కడి డాక్టరు రాయందే ఈ మందులు ఇవ్వరు. అలాగని ఎన్నైనా మోసుకెళ్ళడం కుదరదు. సొంతానికి సాధారణంగా 90 రోజులకు సరిపడా తీసుకెళ్ళవచ్చన్నది అక్కడి పద్ధతి. ఆర్నెల్లు ఉండేవాళ్ళు మిగతా మూడు నెలల సంగతి పిల్లల చేత ముందే కనుక్కోవడం మంచిది.

బట్టలు ఎన్ని?

'ఆర్నెల్లకు ఇరవై చీరలైనా వద్దూ?' అంటారు. ఎందుకండీ? అక్కడ ఇంట్లో వాషింగ్ మిషనూ, ఆరబెట్టే మిషనూ ఉంటాయి. వారానికి ఒకసారి ఉతుక్కున్నా ఏడు జతలు చాలు. ఆర్నెల్లకైనా ఏడే, నెలకైనా ఏడే. గుడికో పుట్టినరోజు వేడుకకో ఒక పట్టుచీర. మిగతావన్నీ ఇస్త్రీ గొడవ లేనివి, త్వరగా ఆరేవి ఎంచుకోవాలి. పెడన కలంకారీ నూలు చీర ఒకటి పెట్టుకుంటే తేలిగ్గానూ ఉంటుంది, ఊరి పేరూ నిలబెడుతుంది. 

చలికోట్ల కోసం సగం పెట్టె వృథా చెయ్యకండి. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడా వేసవే. కావాలంటే పిల్లల కోట్లే వేసుకోవచ్చు. నగల మాటంటారా... బంగారం లాకర్లోనే ఉండనివ్వండి. బందరు పక్కనే చిలకలపూడి ఉండగా దిగులెందుకు? అక్కడి రోల్డుగోల్డు గొలుసు మెళ్ళో ఉంటే ఫొటోలో తేడా ఎవరికీ తెలియదు, కంటి మీద కునుకూ పోదు.

సర్దేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త. ఆయన బట్టలు ఒక పెట్టెలో, ఆవిడవి ఇంకో పెట్టెలో పెట్టకుండా రెండింటిలోనూ ఇద్దరివీ కలిపి పెట్టండి. ఒకటి తప్పిపోయినా ఇద్దరికీ కట్టుకోవడానికి ఉంటుంది. ఇక ఆ పాతకాలం గట్టి సూట్‌కేసు... ఖాళీగా ఉన్నప్పుడే నాలుగైదు కిలోలు తూగుతుంది. నాలుగు చక్రాల తేలికపాటిది కొంటే ఆ మేరకు లాభం.

నోటికి రుచి... చేతికి బరువు

ఇక అసలు గొడవకు వద్దాం. ఆవకాయ, గోంగూర, కందిపొడి, బందరు లడ్డు, హల్వా... ఇవి లేకుండా వెళ్తే వెళ్ళినట్టే అనిపించదు. తీసుకెళ్ళండి. అయితే ఆ ఊళ్ళో ఇండియన్ స్టోరు ఉంటే పప్పులు, బియ్యప్పిండి, చింతపండు అక్కడే దొరుకుతాయి. దొరకనిది మీ చేతి ఆవకాయ, బందరు తొక్కుడు లడ్డు! వాటికే చోటివ్వండి. పచ్చడి ఐదు కిలోలెందుకు, రెండు చాలు. నూనెతో తూగే పచ్చళ్ళ కన్నా పొడులు తేలిక. గాజు సీసాలొద్దు, గాలి తీసి ప్యాక్ చేసి ఇచ్చే దుకాణాల్లో కట్టించుకుంటే నూనె కారదు.

కొన్ని మాత్రం అసలు పెట్టకూడదు. పచ్చి మామిడికాయలు, కరివేపాకు, మొక్కలు అమెరికాలోకి రానివ్వరు. కోడి, మేక మాంసం పచ్చళ్ళూ అంతే. పెరట్లో వేస్తారు కదాని బీరగింజలు, సొరగింజలు కొంగున కట్టుకెళ్ళినా అనుమతి పత్రాలు లేనిదే కుదరదు. ఎండు కొబ్బరి కురిడీలకు నూనె వల్ల అంటుకునే గుణం ఉందని విమానంలోనే నిషేధం. మీరు తీసుకెళ్తున్న తినుబండారాల గురించి అధికారి అడిగినా అడక్కపోయినా ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి. చెబితే మహా అయితే ఒక వస్తువు తీసి పక్కన పెడతారు. దాస్తే జరిమానా!

దుబాయ్, దోహాల మీదుగా వెళ్ళేవాళ్ళు, గల్ఫ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు గసగసాల జోలికి పోవద్దు. మనకవి మసాలా దినుసు. ఆ దేశాల చట్టంలో మత్తుపదార్థం. జైలుకెళ్ళాల్సి వస్తుంది. కొన్ని నొప్పి బిళ్ళలు, దగ్గు మందులకూ అక్కడ ఆంక్షలున్నాయి. డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్ళకండి.

ఓడెక్కే ముందు

ఇప్పుడు చాలామంది పిల్లలు అమ్మానాన్నల్ని ఓడ షికారుకు తీసుకెళ్తున్నారు. మయామీ నుంచి బహామాస్ దీవులకో, సియాటిల్ నుంచి అలాస్కాకో. 2022 జూన్‌లో మన విశాఖకూ కార్డీలియా వారి 'ఎంప్రెస్' నౌక వచ్చింది. ఓడలో విమానంలా కిలోల లెక్క పెద్దగా ఉండదు. కానీ గది చిన్నది. మామూలు గదులు పది బై పదిహేను అడుగులు ఉంటే గొప్ప! నాలుగు పెట్టెలు పెడితే మనం నిలబడే చోటుండదు. వారానికి ఇద్దరికీ కలిపి ఒక్క చిన్న పెట్టె చాలు. మిగతావి పిల్లల ఇంట్లోనే వదిలెయ్యండి.

రేవులో పెట్టెలు తీసుకుని కొన్ని గంటల తర్వాత గది ముందు పెడతారు. కాబట్టి మందులు, పాస్‌పోర్టు, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉండాల్సిందే. దిగే ముందు రోజు రాత్రి కూడా పెట్టెలు గది బయట పెట్టమంటారు. మర్నాటి బట్టలు కూడా లోపల పెట్టేసి తాళం వేశారో... రాత్రి కట్టుకున్న వాటితోనే దిగాలి! ఇస్త్రీ పెట్టె, నీళ్ళు కాచుకునే కెటిల్ లాంటివి నిప్పు భయంతో ఓడలోకి రానివ్వరు. ఇంట్లో చేసిన వంటకాలను కూడా చాలా ఓడల్లో అనుమతించరు. సీలు తియ్యని ప్యాకెట్లయితే పర్వాలేదు. శాకాహారం కావాలని టికెట్టు కొనేటప్పుడే చెబితే ఏర్పాటు చేస్తారు.

అలాస్కా వెళ్తే ఒక మందపాటి కోటు బదులు పల్చటివి రెండు మూడు ఒకదానిమీద ఒకటి వేసుకోవడం మేలు. ఎండొస్తే ఒకటి విప్పుకోవచ్చు. పైన వానకు తడవని జాకెట్టు, కాలికి జారని బూట్లు. చీర కట్టే వాళ్ళు ఓడ మెట్ల మీదా, చిన్న పడవల్లోకి దిగేటప్పుడూ సల్వార్ కమీజు వేసుకుంటే భయం ఉండదు. ఓడ వేరే దేశం రేవులో ఆగుతుంటే అక్కడి వీసా, తిరిగి అమెరికాలోకి వచ్చే వీసా సంగతి ముందే చూసుకోవాలి. ఇది పెట్టెలో పట్టేది కాదు, కానీ లేకపోతే ఓడే ఎక్కనివ్వరు.

వీధి చివరిదాకా నడవండి

మొత్తమ్మీద ఇద్దరికీ కలిపి బట్టలూ తినుబండారాలూ సర్దిన రెండు పెట్టెలు, రెండు చేతి సంచులు. 106 కిలోల చోట 60! నాలుగు పెట్టెలకు అనుమతి ఉంది కదాని నాలుగూ నింపాలని రూలేం లేదు. తిరిగొచ్చేటప్పుడు ఎలాగూ పిల్లలు చాక్లెట్లూ బొమ్మలూ కుక్కి పంపిస్తారు. నడక కష్టమైతే టికెట్టుతోపాటే చక్రాల కుర్చీ అడగడానికి మొహమాటపడొద్దు.

ప్రయాణానికి మూడు రోజుల ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. సర్దిన పెట్టెను ఎవరి సాయమూ లేకుండా మీరే వీధి చివరిదాకా లాక్కుని వెళ్ళి రండి. ఒకసారి మంచం మీదికి ఎత్తి దించండి. పక్కింటివాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. ఆయాసం వచ్చిందా... ఇంటికొచ్చి రెండు చీరలు, ఒక లడ్డూ డబ్బా తీసెయ్యండి. శంషాబాద్‌లో జనం మధ్య కింద కూర్చుని తియ్యడం కన్నా ఇది నయం.

విమానం దిగి బయటికి రాగానే మనవడు చేతులు చాచుకుని పరుగెత్తుకొస్తాడు. వాణ్ణి ఎత్తుకోవడానికైనా నడుం మిగలాలిగా!