వెంటిలేటరు రోగులలో నోటి పరిశుభ్రత

వెంటిలేటరు రోగులలో నోటి పరిశుభ్రత అనగా, కృత్రిమ శ్వాస యంత్రం సాయంతో ఊపిరి తీసుకొనే రోగి పళ్లను, నాలుకను, చిగుళ్లను నర్సులు క్రమం తప్పకుండా శుభ్రపరచుట. వెంటిలేటరు సంబంధిత న్యుమోనియాను నివారించే పద్ధతులలో ఇది ఒకటి. శ్వాసగొట్టం వేసి 48 గంటలు దాటిన తరువాత మొదలయ్యే న్యుమోనియాను ఈ పేరుతో పిలుస్తారు.

కొల్లేరు ప్రాంతంలో దీని అవసరం

ఏలూరు, తాడేపల్లిగూడెం మరియు కొల్లేరు పరిసరాలు వరిచేలు, చేపల చెరువులు గల ప్రాంతం. ఇటువంటి పల్లెలలో వెంటిలేటరు అవసరం వృద్ధులకే కాక, ఆరోగ్యవంతులైన యువకులకు కూడా కలుగుతుంది. పాముకాటు, పురుగుమందు ఇందుకు ముఖ్య కారణాలు.

కట్లపాము తరచు రాత్రివేళ నేలపై నిద్రించేవారిని కరుస్తుంది. దాని విషం నరాల చివరలను దెబ్బతీయుటచే కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు, చివరకు ఊపిరి తీసే కండరాలు కూడా పనిచేయవు. విరుగుడు మందు ఇచ్చినప్పటికీ నరాల చివరలు కోలుకొనుటకు కొన్ని రోజులు పట్టవచ్చు. అంతవరకు ప్రాణం నిలిపేది వెంటిలేటరే. రోగి కన్ను తెరవలేకపోయినా స్పృహలో ఉండి మాటలు వినగలడు. అతని ఊపిరితిత్తులు మొదట బాగానే ఉంటాయి. విషం నుండి బయటపడుతున్న మనిషిని న్యుమోనియా బలిగొనుట ఇక్కడి అసలు ప్రమాదం.

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు లోనికి పోయినవారిలో లాలాజలం, కఫం విపరీతంగా ఊరుతాయి. కనుక వీరికి ప్రమాదం మరింత ఎక్కువ.

ఏలూరులో ఆశ్రం వైద్య కళాశాల ఉండగా, ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది.

న్యుమోనియా వచ్చే విధానం

ఆరోగ్యవంతుడు ఉమ్మిని మింగుతాడు, పొలమారితే దగ్గుతాడు. గొట్టం ఉన్న రోగి ఈ రెండూ సరిగా చేయలేడు. నోరు ఎండి, పళ్లపై పాచి పేరుకొని, ఆసుపత్రి వాతావరణంలోని మొండి బాక్టీరియాలు అందులో స్థిరపడతాయి. గొట్టం చివర వాయునాళాన్ని మూసి ఉంచే చిన్న గాలిబుడగ ఉంటుంది. దాని పైభాగాన నిలిచిన లాలాజలం బుడగ అంచుల వెంబడి కొద్దికొద్దిగా ఊపిరితిత్తులలోనికి జారుతుంది.

శుభ్రపరచు పద్ధతి

రోగి తలవైపు మంచాన్ని 30 నుండి 45 డిగ్రీలు ఎత్తి, బుడగలోని ఒత్తిడిని సరిచూసి, మెత్తని చిన్న బ్రష్షుతో పళ్లు తోముతారు. ఊరిన నీటిని సక్షన్ గొట్టంతో వెంటనే లాగివేస్తారు. గొట్టం కదలకుండా చూచుట ముఖ్యం. పెదవులు పగలకుండా తేమనిచ్చే లేపనం రాస్తారు.

చాలాకాలం క్లోర్‌హెక్సిడిన్ ద్రావణమే ఈ పనికి ప్రధానమని భావించేవారు. అయితే దాని వలన మరణాలు పెరుగవచ్చునన్న అనుమానం రావడంతో, 2022లో అమెరికా నిపుణుల సంఘాలు దానిని సిఫారసు చేయక, పళ్లు తోముటనే ప్రధానంగా సూచించాయి. 15 పరీక్షలను కలిపి విశ్లేషించి 2023 చివరలో వెలువడిన అధ్యయనంలో, రోజూ పళ్లు తోమిన రోగులలో న్యుమోనియా మరియు ఐ.సి.యు. మరణాలు తక్కువగా కనిపించాయి. 

బంధువులు చేయరానిది

నోరు ఎండినదని జాలిపడి తీర్థం, కొబ్బరినీళ్లు పోయుట మన పల్లెలలో సహజం. గొట్టం ఉన్నప్పుడు, దానిని తీసిన తరువాత వైద్యులు అనుమతించే వరకు కూడా, ఒక్క చెంచా నీరైనా నోటిలో పోయరాదు. తడి దూదితో పెదవులు తుడవవలెనన్నా నర్సును అడిగియే చేయాలి.