కొండల్ని ఎత్తే బలం, బండల్ని కరిగించే రాగం

ఆదివారం అబిడ్స్‌లో షాపుల షట్టర్లు మూసి ఉంటాయి, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు తెరుచుకుంటాయి! పిన్నులు తుప్పుపట్టిన సూపర్‌మ్యాన్ కామిక్కు పక్కనే అట్ట ఊడిన చందమామ. బలంలో ఎవరు మొనగాడు? పాటలో ఎవరు మేటి?

అందరికన్నా పెద్దన్న సూపర్‌మ్యాన్. 1938లో యాక్షన్ కామిక్స్ తొలి సంచికలో పుట్టాడు. వెల 10 సెంట్లు. 2024లో అందులో ఒక్క ప్రతి పలికిన ధర 60 లక్షల డాలర్లు! ఆయనకు ఈడుజోడు మన హైదరాబాద్ ఎగ్జిబిషన్ నుమాయిష్. అదే 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో రెండున్నర రూపాయల పెట్టుబడితో, 100 స్టాళ్లతో మొదలైంది. 1946లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. ఇప్పుడు స్టాళ్లు ఆనాటికి ఎన్నో రెట్లు.

దూకుడులో ఛాంపియన్ ఎవరు? తొలి సంచికలో సూపర్‌మ్యాన్‌కు ఎగరడమే రాదు! ఒక్క గంతుకు మైలులో ఎనిమిదో వంతు, అంటే 200 మీటర్లు. 20 అంతస్తుల మేడను దాటేస్తాడు. మూడు తాడిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత ఎత్తు! అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు ఐదారు గంతులు చాలు. మరి మన హనుమంతుడు? ఒక్క లంఘనంలో నూరు యోజనాలు! యోజనం ఎనిమిది మైళ్లనుకుంటే, ఆ ఒక్క దూకుకు సూపర్‌మ్యాన్ 6,400 గంతులు వేయాలి.

మోతలో మొనగాడు హల్క్. కెప్టెన్ అమెరికా ఎత్తేది 360 కిలోలు. స్పైడర్‌మ్యాన్ 10 టన్నులు. 1984 నాటి సీక్రెట్ వార్స్ నాలుగో సంచికలో హల్క్ భుజాన మోసిన కొండ బరువు 15,000 కోట్ల టన్నులు! పళ్లు బిగించి, ఒళ్లంతా వణుకుతూ మోశాడు. గోవర్ధనగిరిని కృష్ణుడు నిలిపింది చిటికెన వేలి మీద, ఏడు రోజులు.

పాటల సంఖ్యలో కిరీటం 1932 నాటి హిందీ చిత్రం ఇంద్రసభది. ఒక్క సినిమాలో సుమారు 70 పాటలు! నేపథ్య సంగీతం నిడివికి లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడు భాగాలు: హోవార్డ్ షోర్ కూర్చినది పది గంటల పైచిలుకు.

చందమామను 1947లో మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిలే విజయా సంస్థ తరఫున 1951లో పాతాళభైరవి తీశారు. బాణీలు ఘంటసాలవి. 1952లో జరిగిన భారత తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి దక్షిణాది నుంచి వెళ్లిన ఏకైక చిత్రం అదే!

అయితే నా ఓటు 1961 నాటి జగదేకవీరుని కథకే. ఇక్కడ హీరో ఎత్తాల్సిన బరువేమీ లేదు, పాటతో రాయిని కరిగించాలి! దర్బారీ కానడ రాగం, పెండ్యాల బాణీ, పింగళి సాహిత్యం, ఘంటసాల గళం. తెర మీద ఒక్క ఎన్టీఆర్ ఐదుగురవుతాడు. ఒకరు పాడతారు, ఒకరు వీణ మీటుతారు, ఒకరు మృదంగం వాయిస్తారు. కంప్యూటర్ లేని రోజుల్లో మార్కస్ బార్ట్లే కెమెరా చేసిన గారడీ అది! శివశంకరీ పాట మొదలైతే ఈ రోజుకీ పని ఆపి వినాల్సిందే. టన్నుల్లో తూచలేని బలం ఉంటే అది ఇదే.

భోజనవీరుడు 1957 మాయాబజార్ ఘటోత్కచుడు. మాధవపెద్ది సత్యం గొంతులో పాట సాగుతుంటే ఎస్వీ రంగారావు నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరొస్తాయి. పాట అయ్యేసరికి పెళ్లి విందంతా ఖాళీ! 2013లో సీఎన్ఎన్-ఐబీఎన్ పోలింగ్‌లో భారతీయ చిత్రాలన్నిటిలో మొదటి స్థానం ఈ సినిమాకే.

పెద్ద వయసులో సూపర్ హీరో అయింది మళ్లీ ఎన్టీఆరే. 57 నిండాక, 1980లో సూపర్‌మ్యాన్‌గా వచ్చాడు. అతని శక్తి క్రిప్టాన్ గ్రహం ఇచ్చింది కాదు, ఆంజనేయుడి వరం! సంగీతం చక్రవర్తి.

అతి చిన్న హీరో 2012 ఈగ. పొడవు సెంటీమీటరు కూడా లేదు, రెక్కలు మాత్రం సెకనుకు 200 సార్లకు అటూ ఇటూ కొట్టుకుంటాయి! ఆ బుల్లి వీరుడికి సంగీతం కూర్చిన కీరవాణే 2015లో బాహుబలికీ కూర్చాడు. దాని మలయాళం ఆడియో విడుదలకు కొచ్చిలో పరిచిన పోస్టర్ 51,598 చదరపు అడుగులు. ఎకరం దాటి ఇంకా 8,000 చదరపు అడుగులు మిగిలింది. అప్పటికి గిన్నిస్ రికార్డు!