ఏటికి ఇటో ఠాణా, అటో ఠాణా

అలంపూర్‌కు భక్తులు వస్తారు, శిల్పాలు చూసేవాళ్లు వస్తారు. నేరకథకు చోటు వెతుక్కుంటూ వచ్చినవాడికి ఈ ఊరు ఏం చూపిస్తుంది?

"శవాన్ని ఏట్లో పడేస్తే ఎటు పోతుంది?"

వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చేతులు ఆగిపోయాయి. నా మొహం చూశాడు, భుజాన సంచీ చూశాడు, మళ్లీ మొహం చూశాడు. పక్కన బోర్లించిన పుట్టి, వెనక వరద గోడ, ఎదురుగా తుంగభద్ర. నవల రాస్తున్నానని, కథంతా ఈ ఊళ్లోనే జరుగుతుందని చెప్పుకున్నాక ఆయన మళ్లీ దారం అందుకున్నాడు.

"ఏ నెలల ఏస్తవ్ సారూ?"

ఇంట్లో కూర్చుని రాసుకున్న మొదటి అధ్యాయం ఆ ఒక్క ప్రశ్నకే పోయింది. నా కథలో రాత్రి ఉంది, వాన ఉంది. నెల లేదు.

తుంగభద్ర ఇక్కడ ఉత్తరవాహిని. ఊరు దాటి కొంత దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. దిగువన శ్రీశైలం ప్రాజెక్టు నిండి నీటిమట్టం 885 అడుగులకు చేరితే బ్యాక్‌వాటర్ ఇక్కడిదాకా ఎదురొస్తుంది. పారే ఏరు కాస్తా చెరువులా నిలబడుతుంది. "అప్పుడేస్తే యాడికి పోదు, ఏసినకాడనే తిరుగుతది. ఎండకాలమైతే నీళ్లే ఉండవు, బండల మీదనే పడుంటది," అన్నాడు పెద్దాయన, చేపల గురించి చెప్పినంత తాపీగా.

దిగువన నల్లమల అంచున సంగమేశ్వరం గుడి ఏడాదిలో చాలా నెలలు నీళ్లలోనే ఉంటుంది. ఎండలకు నీరు తగ్గాక శిఖరం, ఆ తర్వాత గోడలు, ఆఖరున గర్భగుడి బయటపడతాయి. నీళ్లు దాచిపెడతాయి, మళ్లీ చెప్పిన వేళకు తెచ్చి అప్పజెబుతాయి. అదంతా నోట్‌బుక్‌లో రాసుకుని కట్ట దిగాను.

శవం ఏ రాష్ట్రానిది?

కృష్ణా తుంగభద్రల నడుమ భూమిని నడిగడ్డ అంటారు. అలంపూర్ ఆ నడిగడ్డకు తూర్పు కొస. ఇవతలి ఒడ్డు తెలంగాణ, జోగుళాంబ గద్వాల జిల్లా. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, కర్నూలు జిల్లా. ఏటి మధ్యలో తేలిన శవానికి పంచనామా ఎవరు చేయాలి?

కోర్టు దగ్గర టీ తాగుతున్న ఒక వకీలు గుమస్తాను అడిగితే నవ్వేశాడు. "ఏ ఒడ్డుకు తగిలితే ఆ ఒడ్డోళ్లది సార్, మొదలైతే." చట్టమూ దాదాపు అదే మాట చెబుతుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద అనుమానాస్పద మరణానికి శవ పంచనామా జరగాలి. నేరం ఏ హద్దులో జరిగిందో తేలనప్పుడు ఆ హద్దుల్లో ఏ కోర్టయినా విచారించవచ్చని 198 చెబుతుంది. ఫిర్యాదును ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్ఐఆర్‌గా తీసుకోవాలి. కాగితం మీద చిక్కేమీ లేదు. చిక్కంతా ఇద్దరు ఎస్సైల మధ్య ఫోన్‌లో నడుస్తుంది. నవలకు కావలసింది ఆ ఫోనే.

అయితే కథ ఏ ఏడాది జరుగుతుందో కూడా ముందే తేల్చుకోవాలి. 1956 నవంబర్ దాకా గద్వాల, అలంపూర్ తాలూకాలు హైదరాబాద్ రాష్ట్రంలో రాయచూరు జిల్లా కింద ఉండేవి. ఏరు దాటితే మొదట మద్రాసు రాజ్యం, 1953 అక్టోబర్ నుంచి కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం. 1956లో ఆ హద్దు చెరిగిపోయింది. 2014 జూన్ 2న మళ్లీ అదే నీళ్ల మీద గీత పడింది. హంతకుడు పుట్టి ఎక్కింది 1948లో అయితే నైజాం నుంచి తప్పించుకున్నట్టు. 1980లో ఎక్కితే పక్క జిల్లాకు పోయినట్టు. 2020లో ఎక్కితే వేరే రాష్ట్రం.

ఈ గీత ఉత్త గీతే అనుకోవడానికీ లేదు. 2021 మే నెలలో కరోనా రోగులతో కర్నూలు వైపు నుంచి వచ్చిన అంబులెన్సులను సరిహద్దులోని పుల్లూరు టోల్‌గేట్ దగ్గర ఆపేశారు. హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. మామూలు రోజుల్లో మాత్రం అలంపూర్‌వాళ్లకు పెద్దాసుపత్రి అన్నా, పెళ్లి బట్టలన్నా కర్నూలే. పాతిక కిలోమీటర్లే కదా. జిల్లా కేంద్రం గద్వాల అంతకు రెట్టింపు దూరం. కాబట్టి నా కథలో అనుమానితుడు హత్య జరిగిన రోజు కర్నూలు వెళ్లాడంటే అందులో అనుమానించడానికేమీ లేదు. గద్వాలకు వెళ్లాడంటేనే ఎందుకని అడగాలి.

ఎత్తుకుపోలేని నిధి

గుళ్ల ఊరు కదా అని నా మొదటి ప్లాటులో విగ్రహాల దొంగలు ఉన్నారు. బాదామి చాళుక్యులు ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాల మధ్య ఒక పూట తిరిగేసరికి ఆ ప్లాటూ నీరుగారింది. స్వర్గబ్రహ్మ ఆలయం గోడ ముందు నిలబడితే సంగతి అర్థమవుతుంది. దిక్పాలకులు, కిటికీల జాలీలు, గాలిలో తేలే గంధర్వ జంటలు, అన్నీ గోడ రాతిలోనే ఉన్నాయి. దొంగకు కావలసింది రాత్రికి రాత్రి గోనెసంచీలో పట్టే కంచు బొమ్మ. ఇక్కడ గోడను వదిలి శిల్పం రాదు.

పైగా ఫొటో ఉన్న బొమ్మ అమ్ముడుపోవడం కష్టం. తమిళనాడు శ్రీపురందాన్ గుడి నుంచి పోయిన నటరాజు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాకా వెళ్లి 2014లో తిరిగొచ్చాడంటే, పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ ఏనాడో తీసిపెట్టిన ఫొటోలే సాక్ష్యం చెప్పాయి.

ఊరి అసలు దాపరికం అంతకన్నా పాతది. పద్నాలుగో శతాబ్దంలో జోగుళాంబ గుడి ధ్వంసమయ్యాక అమ్మవారు బాలబ్రహ్మేశ్వరాలయంలో తలదాచుకుంది. పాత చోటే కొత్త గుడి కట్టి 2005లో మళ్లీ ప్రతిష్ఠించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయమైతే శ్రీశైలం ముంపులో పోకుండా రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. గుడి కూడా ఊరు మారిన చోట "ఇది మొదటినుంచీ ఇక్కడే ఉంది" అని ఎవరైనా అంటే డిటెక్టివ్ ఒకసారి ఆగి చూడాలి.

2009 అక్టోబర్ 2న కర్నూలును ముంచిన వరద అలంపూర్‌నూ వదల్లేదు. కాగితాలన్నీ ఆ వరదలో పోయాయని నా కథలో ఒక పాత్ర చెబితే కాదనగలిగేవాడు ఉండడు. అబద్ధానికి ఇంత మంచి చోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

అందరికీ తెలిసిన ఊళ్లో

కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్‌కూ, అసిస్టెంట్ రాజుకూ మద్రాసు లాంటి మహానగరం ఉంది. అక్కడ పక్కింటివాడెవరో తెలియకపోవడమే కథకు బలం. అలంపూర్‌లో ఆ సౌకర్యం లేదు. మొదటి రోజు పొద్దున తొమ్మిదికి బస్సు దిగాను. పదకొండుకల్లా షా అలీ పహిల్వాన్ దర్గా దగ్గర పూలమ్మే ఆమె నన్ను "నవల సారూ" అని పిలిచింది. నేనామెకు ఏమీ చెప్పలేదు.

ఇలాంటి చోట ఎవరు చేశారన్నది సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. పోలీసు ముందు ఎవరు నోరు విప్పుతారన్నదే మిగులుతుంది. సాక్షి, ముద్దాయి ఒకే గుళ్లో ప్రసాదం తీసుకుంటారు, ఒకే ఉర్సుకు పోతారు, ఒకే బస్సులో వాయిదాకు వస్తారు.

రాసేవాడికీ ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నగరంలో "మూలమీది మందుల షాపు" అంటే వెయ్యి షాపులు. ఇక్కడ ఒకటే ఉంటుంది, దాని యజమానికి పిల్లలుంటారు. అందుకే రోడ్లు, రేవులు, గుళ్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టుకుని, దుకాణాలూ మనుషులూ మాత్రం పూర్తిగా కల్పించుకోవాలని నిర్ణయించుకున్నాను.

గింజలో దాగిన నేరం

రెండో రోజు సాయంత్రం అలంపూర్ చౌరస్తా. హైదరాబాద్, బెంగళూరుల మధ్య పరుగెత్తే 44వ నంబరు జాతీయ రహదారి. ఊళ్లో ప్రతి మొహమూ తెలిసినదైతే, చౌరస్తాలో ప్రతి మొహమూ కొత్తదే. హోటల్ బల్ల మీద నాకెదురుగా కూర్చున్న రైతు నా ప్లాట్లన్నీ విని, "గుళ్లు, శవాలు ఎందుకు సార్, సీడ్ పత్తి మీద రాయరాదా?" అన్నాడు.

నడిగడ్డ పత్తి విత్తనాల గడ్డ. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. విత్తనమూ పెట్టుబడీ అతని చేతి మీదుగానే వస్తాయి, అప్పు కూడా. సాయంత్రం మొగ్గ గిల్లి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి అద్దే క్రాసింగ్ పని, పువ్వు పువ్వుకూ చేత్తో చేయాల్సిందే. చివరికి ఆ గింజను నాటి జన్యుశుద్ధి పరీక్ష చేస్తారు. తప్పితే అది ఫెయిల్ సీడ్. విత్తనంగా పనికిరాదు, గానుగకు పోవాలి.

అది గానుగకు పోకుండా రంగు పూసుకుని, మెరిసే పాకెట్టులోకో, లూజు సంచీలోకో చేరినప్పుడు నేరం మొదలవుతుంది. అనుమతి లేని కలుపుమందు తట్టుకునే రకం ఇంకోవైపు "బీటీ-3" పేరుతో చేతులు మారుతుంది. నకిలీ విత్తనాలు అమ్మేవాళ్ల మీద ముందస్తు నిర్బంధానికి వీలిచ్చే పీడీ యాక్టు పెట్టేలా తెలంగాణ చట్టం సవరించుకుందంటే, దెబ్బ ఎంత లోతుగా తగిలి ఉంటుందో ఊహించవచ్చు.

"కొన్న రోజు ఏం తెల్వదు సార్. మొలుస్తది, పచ్చగనే ఉంటది. కాయ పట్టాల్సినప్పుడు తెలుస్తది," అన్నాడతను. బిల్లు ఉందా అంటే చెయ్యి తిప్పాడు. అప్పిచ్చినవాణ్ని బిల్లడగరు.

కత్తిపోటుకు గాయం అప్పుడే కనిపిస్తుంది. ఈ పోటుకు మూడు నెలలు పడుతుంది. ఆలోగా సంచీ ఎన్ని చేతులు మారిందో, ఏటికి ఎటువైపు పోయిందో.

బస్సు కోసం నిలబడి నోట్‌బుక్ తెరిచాను. మొదటి పేజీలో పెద్దాయన అడిగిన మాట అలాగే ఉంది. ఏ నెల? విత్తు మిరుగం కార్తెలో, అంటే జూన్‌లో పడుతుంది. చేను మోసం చేసిందని తెలిసేది సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో. సరిగ్గా శ్రీశైలం నిండి తుంగభద్ర కదలక నిలబడే రోజులు. కోపం పండే వేళకు ఏరు పారడం మానేస్తుంది. ఆ నెలలో ఇక్కడ ఏం పడేసినా పడేసిన చోటే తిరుగుతుంది.

ఇంటికెళ్లి మొదటి అధ్యాయం చింపేశాను. కొత్తది మిరుగంలో, చౌరస్తా దగ్గర, బిల్లు లేకుండా చేతులు మారిన ఒక గింజల సంచీతో మొదలైంది.