మంటను ఆపే తెల్ల పొడి.. ఊపిరితిత్తుల్లోకి పోతే కష్టమే! యాంటిమొనీ ట్రైయాక్సైడ్‌ను ఎలా వాడాలి? ఎక్కడ దాచాలి?

ఇంటికి కొత్త వైరింగ్ చేయిస్తుంటే ఎలక్ట్రీషియన్ ముందుగా చెప్పే మాట.. 'ఎఫ్‌ఆర్ వైరే తీసుకోండి భాయ్'. ఎఫ్‌ఆర్ అంటే ఫ్లేమ్ రిటార్డెంట్. త్వరగా అంటుకోదు, అంటుకున్నా మంట పాకదు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మందిని బలి తీసుకున్న అగ్నిప్రమాదం చూసిన నగరానికి నిప్పు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇలాంటి వైర్లు వాడాల్సిందే.

అయితే ఆ వైరు పైతొడుగులో కలిపే పొడిని చేత్తో ఎత్తి మిషన్‌లో పోసే కార్మికుడి సంగతేంటి? మన ఇల్లు కాలకుండా కాపాడే ఆ పొడి, అతని ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుంది? ఈ కథనం ఆ పొడి గురించే.

ఏంటీ పొడి?

పేరు యాంటిమొనీ ట్రైయాక్సైడ్. చూడ్డానికి మైదా పిండిలా తెల్లగా ఉంటుంది, వాసన ఉండదు. కానీ బరువు చాలా ఎక్కువ. నీటికంటే ఐదు రెట్లకు పైగా బరువైన పదార్థం ఇది. అందుకే 25 కిలోల బస్తా కూడా చిన్నగా కనిపిస్తుంది.

యాంటిమొనీ అనే లోహం మనకు పూర్తిగా కొత్తదేం కాదు. పాతకాలంలో సుర్మా నూరింది యాంటిమొనీ సల్ఫైడ్ రాయితోనే. కానీ ఫ్యాక్టరీలోని తెల్ల పొడి వేరే రసాయనం. 'సుర్మా లాంటిదే కదా, ఏం కాదులే' అనుకోవద్దు. ఆ మాటకొస్తే ఇప్పుడు బజార్లో దొరికే చాలా సుర్మాల్లో సీసం ఉంటోందని పరీక్షల్లో తేలింది. అది కూడా పిల్లల కళ్లకు పెట్టేది కాదు.

మంటను ఎలా ఆపుతుందంటే.. ఈ పొడి ఒక్కటే పెద్దగా ఏం చేయలేదు. క్లోరిన్ గానీ బ్రోమిన్ గానీ తోడుండాలి. పీవీసీ ప్లాస్టిక్ బరువులో సగానికి పైగా క్లోరినే. వేడెక్కినప్పుడు ఈ రెండూ కలిసి ఒక ఆవిరిగా మారతాయి. మంట కొనసాగడానికి అవసరమైన రసాయన చర్యల గొలుసును ఆ ఆవిరి తెంచేస్తుంది. అందుకే వైర్లు, కేబుళ్లు, టీవీ, కంప్యూటర్ల ప్లాస్టిక్ భాగాలు, కొన్ని రకాల రెగ్జిన్, కర్టెన్ బట్టల్లో దీన్ని వాడతారు.

భయం ఎవరికి?

ముందు ఒక విషయం క్లియర్‌గా చెప్పుకోవాలి. తయారైన వైరును ముట్టుకుంటే ఏమీ కాదు. అందులో పొడి ప్లాస్టిక్‌తో కలిసిపోయి బందీ అయి ఉంటుంది. ప్రమాదమంతా పొడి గాల్లోకి లేచే చోటే.. బస్తా కోసేటప్పుడు, తూకం వేసేటప్పుడు, మిక్సర్‌లో పోసేటప్పుడు, ఖాళీ బస్తా దులిపేటప్పుడు, సాయంత్రం చీపురుతో ఊడ్చేటప్పుడు.

ఏళ్ల తరబడి ఈ దుమ్ము పీల్చినవాళ్లకు దగ్గు, ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుని ఎక్స్‌రేలో మచ్చలు రావడం డాక్టర్లు గుర్తించారు. చెమట పట్టే చోట దద్దుర్లు, పొక్కులు వస్తాయి. వాటికి 'యాంటిమొనీ స్పాట్స్' అనే పేరే ఉంది. మన ఎండాకాలంలో, రేకుల షెడ్డు కింద ఈ బాధ ఇంకా ఎక్కువ.

క్యాన్సర్ మాటేంటి? 2021లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించవచ్చని సహేతుకంగా భావించే పదార్థాల్లో చేర్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన ఐఏఆర్‌సీ కూడా ఈ రకం యాంటిమొనీని క్యాన్సర్ కారకం కావచ్చనే 2ఏ గ్రూపులో పెట్టింది. అంటే ముట్టుకున్న ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వస్తుందని కాదు. జాగ్రత్త పడటానికి ఆధారాలు చాలినన్ని ఉన్నాయని అర్థం.

ఎంత దుమ్ము ఎక్కువ?

లెక్క వేసి చూద్దాం. అమెరికాలో పని ప్రదేశాల పరిమితి.. 8 గంటల షిఫ్టు సగటున ఘనపు మీటరు గాలిలో యాంటిమొనీ 0.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులున్న గదిలో సుమారు 28 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. అంటే గది మొత్తానికి 14 మిల్లీగ్రాముల యాంటిమొనీ. పొడి రూపంలో దాదాపు 17 మిల్లీగ్రాములు. ఇది చిటికెడులో చిన్న వంతు! ఒక్క ఖాళీ బస్తా దులిపితే దీనికి ఎన్నో రెట్లు గాల్లోకి లేస్తుంది. ఆ రేణువులు చాలావరకు ఒక మైక్రాన్ అటూ ఇటూ ఉంటాయి, కంటికి కనిపించవు. కాబట్టి 'దుమ్ము కనబడట్లేదు కదా' అనే ధీమా పనికిరాదు.

వాడేటప్పుడు ఏం చేయాలి?

మొదటి పరిష్కారం కొనేటప్పుడే ఉంది. ఇదే రసాయనం ప్లాస్టిక్‌లో కలిపిన గుళికల రూపంలోనూ, దుమ్ము లేవకుండా తడిపిన రూపంలోనూ దొరుకుతుంది. కిలో రేటు ఎక్కువే కావచ్చు. కానీ నేల మీద, గాల్లో పోయే సరుకు, మాస్కులు, శుభ్రం చేసే కూలీ, కార్మికుల సెలవులు.. ఇవన్నీ ఖర్చు కిందే రాసి చూడండి, లెక్క మారిపోతుంది.

పొడే వాడాల్సి వస్తే..

పోసే చోట దుమ్మును లాగే ఎగ్జాస్ట్ ఉండాలి. సీలింగ్ ఫ్యాన్, టేబుల్ ఫ్యాన్ పెడితే దుమ్ము పోదు, అందరి మీదికీ చిమ్ముతుంది.

దస్తీ గానీ బట్ట మాస్కు గానీ దీన్ని ఆపలేవు. ఐఎస్ 9473 గుర్తున్న ఎఫ్‌ఎఫ్‌పీ2 లేదా ఎన్95 మాస్కు కావాలి, అదీ ముఖానికి బిగుతుగా ఆనాలి. గడ్డం దట్టంగా ఉంటే ఇలాంటి మాస్కు అంచు సరిగా అతుక్కోదు. అలాంటివాళ్లకు గాలిని శుద్ధి చేసి అందించే హుడ్ మాస్కు ఇవ్వాలి, లేదా పొడి దగ్గర కాకుండా వేరే పని ఇవ్వాలి. కళ్లద్దాలు, గ్లౌజులు, నిండు చేతుల బట్టలు తప్పనిసరి.

బస్తాను మెల్లగా, కిందికి ఆనించి పోయాలి. ఎత్తు నుంచి గుమ్మరించొద్దు.

కింద పడితే పొడి చీపురుతో ఊడ్వొద్దు, కంప్రెసర్ గాలి అసలే కొట్టొద్దు. హెపా ఫిల్టర్ ఉన్న వ్యాక్యూమ్ వాడాలి, లేదంటే తడిగుడ్డతో తుడవాలి. నీళ్లు కొట్టి మోరీలోకి పంపొద్దు.

పని చోట తినడం, పాన్, గుట్కా, సిగరెట్ బంద్. రంజాన్‌లో మిషన్ పక్కనే ఇఫ్తార్‌కు కూర్చునే అలవాటుంటే మానుకోవాలి. ముందు పని బట్టలు మార్చి, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కుని వేరే గదిలో కూర్చోవాలి.

దాచేటప్పుడు..

ఈ పొడి తనంతట తాను మండదు. అందుకే చాలామంది ఎక్కడైనా పడేస్తారు. కానీ పక్కన ఏముందో చూసుకోవాలి. 2023 నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో పెట్టిన కెమికల్ డ్రమ్ములకు నిప్పంటుకుని పైన ఉన్నవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. అవి వేరే రసాయనాలే, కానీ పాఠం ఒక్కటే.. మనుషులు నివసించే బిల్డింగ్ గోడౌన్ కాదు. పెద్ద మంటల్లో ఈ పొడి కూడా విషపు పొగగా మారుతుంది.

పొడిగా, గాలి ఆడే గదిలో, నేలకు తగలకుండా చెక్క ప్యాలెట్ల మీద పెట్టాలి. యాసిడ్లు, జింక్, అల్యూమినియం పొడులకు దూరంగా ఉంచాలి. యాసిడ్, లోహం, ఈ పొడి మూడూ కలిస్తే స్టిబిన్ అనే తీవ్ర విషవాయువు పుట్టే వీలుంది. తెరిచిన బస్తా ఒక్కటే ఉండాలి, మూతి బిగించి కట్టాలి. ముందు వచ్చిన సరుకు ముందు వాడాలి, పాత బస్తాలు చిరిగితే ఆ దుమ్ము మళ్లీ మొదటికొస్తుంది. లేబుల్ లేని డబ్బాలోకి మార్చొద్దు. వంటింటి సామాన్లు, తినే సరుకులు ఆ గదిలో ఉండకూడదు.

బస్తా ఇంటికి తేవొద్దు

గట్టి బస్తా కదా అని బియ్యానికో, మేకల దాణాకో ఇంటికి తెచ్చుకుంటారు, కబాడీకి అమ్ముతారు. రెండూ తప్పే. ఖాళీ బస్తా, ఊడ్చిన పొడి.. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అధీకృత కేంద్రానికే వెళ్లాలి. హైదరాబాద్ చుట్టుపక్కల యూనిట్లకు దుండిగల్‌లో అలాంటి కేంద్రం ఉంది.

పని బట్టలు కూడా అంతే. వాటితోనే ఇంటికెళ్లి బిడ్డను ఎత్తుకుంటే దుమ్ము బిడ్డకు అంటుతుంది, ఉతికే ఇల్లాలికీ అంటుతుంది. ఫ్యాక్టరీలోనే మార్చుకోవాలి, వేరుగా ఉతకాలి.

పొరపాటున అయితే..

కంట్లో పడితే 15 నిమిషాలు నీళ్లతో కడగాలి. దుమ్ము పీలిస్తే వెంటనే బయటి గాలికి రావాలి. నోట్లోకి పోతే పుక్కిలించాలి, బలవంతంగా వాంతి చేయించొద్దు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు బస్తా లేబుల్ ఫొటో తీసుకెళ్లండి. దగ్గు తగ్గకపోతే 'నేను ఫలానా పొడితో పని చేస్తా' అని డాక్టర్‌కు మీరే చెప్పాలి. చెప్పకపోతే ఆయనకు తెలియదు.

అడగడం మీ హక్కు

భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి ప్రమాదకర పదార్థాల వివరాలు కార్మికులకు చెప్పడం యజమాని బాధ్యత చేశారు. 2020 నాటి కొత్త వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. ప్రతి రసాయనంతో పాటు 16 భాగాల సేఫ్టీ డేటా షీట్ వస్తుంది. ప్రథమ చికిత్స 4వ భాగంలో, వాడకం, నిల్వ 7వ భాగంలో, మాస్కు, గ్లౌజుల వివరాలు 8వ భాగంలో ఉంటాయి. ఇంగ్లిష్ రాకపోతే తెలుగులోనో, ఉర్దూలోనో, హిందీలోనో చదివి చెప్పమనండి. రేపు షిఫ్టుకు వెళ్లగానే సూపర్‌వైజర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.. 'ఈ బస్తా కాగితం ఎక్కడుంది?'